అడ్డంగా లాగినప్పుడు

సెప్టెంబర్ 26, 2011, సోమవారం

బస్సులు ఇవాళ కూడా లేవు. చిలుకానగర్ నుంచి నడుచుకుంటూ బయలుదేరితే సగం దారిలో ఉపేందర్ బండి ఆపి ఎక్కించుకున్నాడు. మా కంపెనీ చేసే గొట్టాలు ఒత్తిడికి నిలుస్తాయో లేదో గ్యాస్ పట్టి చూసే పని అతనిది. ల్యాబ్‌లో నాతో పనిచేసే కొమురెల్లన్నకు అల్లుడు. నాచారం చేరేదాకా నవ్విస్తూనే ఉన్నాడు. "భూషణం సారు సమ్మెల గూసున్నడు, మీరేమో నడిసి డ్యూటీకి వస్తున్రు. ఇంట్ల తెలంగాణ ఒక్కరికే గావాల్నా మేడం?" అన్నాడు. మా ఆయన భూషణం టీచరు, పది రోజులుగా ఉప్పల్ చౌరస్తా సమ్మె టెంటులోనే ఉంటున్నాడు. టీచర్లందరూ అక్కడే.

ఇవాళ ముక్కలను అడ్డంగా లాగాం. అల్యూమినియం రేకుల మధ్య సన్నటి సిలికాన్ కార్బైడ్ పోగులు పేర్చి, వేడి ప్రెస్‌లో నొక్కి చేసిన పలక అది. గొట్టాలు చేసేదీ ఇలాగే. పోగుల వెంట లాగినప్పుడు, పోయిన వారం, పదమూడు వందల మెగాపాస్కల్ దాకా నిలిచింది. సార్ లడ్డూలు తెప్పించారు. ఇవాళ పోగులకు అడ్డంగా. డెబ్బై వస్తే చాలు.

పలక అంచుల నుంచి కోసిన మూడు ముక్కలు: 92, 88, 95.

నడుమ నుంచి కోసిన నాలుగు: 41, 37, 44, 39.

ఆ నాలుగూ తెగేటప్పుడు చప్పుడు కూడా సరిగ్గా రాలేదు. సాగడం లేదు, సన్నబడటం లేదు. ఎండిన రొట్టె విరిగినట్టు విరిగాయి. కొమురెల్లన్న ముక్కలు ఏరి బల్ల మీద వరుసగా పెట్టి, నా ముఖం చూసి చాయ్‌కి వెళ్లాడు.

సెప్టెంబర్ 27, మంగళవారం

తెగిన చోటు మైక్రోస్కోప్ కింద పెట్టాను. బాగున్న ముక్కల్లో కొన్ని పోగులు నిలువునా చీలి ఉన్నాయి, చుట్టూ లోహం సాగి చిరిగి ఉంది. అంటే పోగూ లోహమూ ఒకదాన్నొకటి విడవలేదు. విరిగిపోయాయి గానీ విడవలేదు. పాడైన నాలుగింటిలో పోగులు శుభ్రంగా ఉన్నాయి. కడిగి ఆరబెట్టినట్టు. లోహంలో వాటి జాడలు కాలవల్లా ఖాళీగా ఉన్నాయి. అసలు అతుకే పడలేదు.

రామచంద్రరావు సార్‌కు చూపించాను. ఈ కంపెనీ ఆయనది. నేను డిప్లొమా పట్టుకుని వచ్చినప్పుడు ముక్కను ఎలా నునుపు చేయాలో నా చెయ్యి పట్టుకుని నేర్పింది కూడా ఆయనే. పదమూడేళ్లయింది.

"అడ్డంగా లాగితే బలం తగ్గుతుందమ్మా, అది అందరికీ తెలిసిందే," అన్నారు. "కానీ ఒకే పలకలో ఒకచోట తొంభై, ఒకచోట నలభై ఉంటుందా? నిన్న ల్యాబ్‌లో కరెంటు ఎన్నిసార్లు పోయింది?"

"రెండుసార్లు సార్."

"మరింకేం. మిషన్ ఆగి మళ్లీ పట్టుకునేటప్పుడు బిగింపు జారుంటుంది."

"నడుమ అతుకు పడలేదనిపిస్తోంది సార్. ఒకసారి మైక్రోస్కోప్‌లో చూడండి."

చూశారు. చాలాసేపు చూశారు. తర్వాత కళ్లద్దాలు తుడుచుకుంటూ, "ఇంకో పలక చేసి చూద్దామంటే పోగులు లేవు స్వర్ణా. బయటి దేశం నుంచి రావాలి, నాలుగు నెలలు పడుతుంది. కొనేవాళ్లు ఆగరు. నువ్వే ఆలోచించి రాయి," అన్నారు. చూసింది రాయమని అనలేదు. ఆలోచించి రాయమన్నారు.

ఆయన వెళ్లాక కొమురెల్లన్న బల్ల తుడుస్తూ అన్నాడు: "కరెంటు పోయింది మన మిషన్‌కు అనుకుంటున్నరు సారు. పోయిన బుధవారం ప్రెస్సు నడుస్తుండంగనే పోయింది మేడం. నలభై నిమిషాలు. జనరేటర్ల డీజిల్ లేకుండె. పలక నడుమ సల్లవడ్డది. నాలుగో గొట్టం గూడ గా దినం ప్రెస్సుల్నే ఉండె."

"ఈ మాట సార్‌తోటి చెప్పినవా అన్నా?"

"మీకు జెప్తున్న. రాసేది మీరు గద."

సెప్టెంబర్ 28

ఇవాళ రిపోర్టు రాయలేదు. తలనొప్పి.

సెప్టెంబర్ 29, గురువారం

రాశాను.

లెక్కకు తీసుకున్నవి మూడు. సగటు 92. చెల్లని పరీక్షలు నాలుగు. కారణం, బిగింపు జారడం, విద్యుత్ అంతరాయం. కింద సంతకం.

అబద్ధం రాయలేదు. మూడు సంఖ్యలూ నిజమే. కరెంటు పోయిన మాటా నిజమే. పోగు నుంచి లోహం విడిపోవడానికి ఎన్నో కారణాలుంటాయి. పదమూడేళ్లలో సార్ అంచనా తప్పడం నేను చూడలేదు. ఆయన బిగింపు అంటే బిగింపే అయి ఉంటుంది.

కొమురెల్లన్న ఆ కాగితం ఫైలులో పెట్టాడు. అతనికి ఇంగ్లీషు చదవడం రాదు. సంఖ్యలు మాత్రం చదవగలడు.

అక్టోబర్ 4, మంగళవారం

కొమురెల్లన్న పిలిస్తే బతుకమ్మకు మల్లాపూర్ వెళ్లాను. అతని కూతురు దుర్గాభవాని తంగేడు పువ్వు కోసం ఉపేందర్‌ను కీసర దాకా పంపించిందట. అతను రెండు సంచులు నింపుకొచ్చాడు. "గుట్ట గుట్ట తిరిగిన మేడం, గీమె గౌరమ్మకు నా కాళ్లు అరిగినయి," అంటుంటే దుర్గాభవాని వంటింట్లోంచి, "రెండు సంచులకే గంత జెప్పుకుంటడు," అంది. నాకు పూలు పేర్చడం సరిగ్గా రాదు. దుర్గాభవాని పక్కన కూర్చుని, నా చేతిలోవి తీసుకుని మళ్లీ పేర్చింది.

గొట్టాలకు గ్యాస్ పరీక్ష ఎప్పుడని ఉపేందర్‌ను అడిగాను. సమ్మె అయినంక అన్నాడు. ఎందుకడిగానో అతను అడగలేదు.

అక్టోబర్ 17, సోమవారం

భూషణం స్కూలుకు వెళ్లాడు. టీచర్ల సమ్మె అయిపోయింది.

సాయంత్రం అతనితో చెప్పాను. నాలుగు ముక్కలు, నడుమ అతుకు, రిపోర్టు. నెల రోజులు మైకులో న్యాయం గురించి మాట్లాడిన గొంతు ఇంకా బొంగురుగానే ఉంది.

"సారుకు చూపెట్టినవు గదా," అన్నాడు. "ఇగ నీ మీద ఏముంది? పెద్దాయనె జూసుకుంటడు."

"చూసుకోకపోతే?"

"స్వర్ణా, నాకు నెల జీతం రాలె. ఇప్పుడు నువ్వు కొలువు పోగొట్టుకునే మాటలు మాట్లాడకు."

అతని మీద కోపం రావాలి. రాలేదు. అతను ఆ మాట అనాలనే నేను చెప్పానేమో.

నవంబర్ 8

మొదటి గొట్టం నిలిచింది. ఎంత ఒత్తిడి పెట్టాలో అంతా పెట్టారు. కొంచెం కూడా గాలి పోలేదు.

నవంబర్ 11

రెండోది, మూడోది కూడా నిలిచాయి. సార్ ల్యాబ్‌కు వచ్చి, "చూశావా?" అన్నారు. నవ్వాను. మనసు తేలికపడింది. నేనే అనవసరంగా ఇన్నాళ్లు నిద్ర పాడుచేసుకున్నాను. బిగింపే.

ఆ మూడూ కరెంటు పోయిన బుధవారం చేసినవి కావని నాకు తెలుసు.

నవంబర్ 15, మంగళవారం

పదకొండు గంటలకు.

నవంబర్ 16

రాయాలి. రాస్తే గానీ తలలోంచి పోదు.

గొట్టానికి పోగులు చుట్టూ తిప్పి చుడతాం. లోపలి గ్యాస్ గొట్టం పొట్టను ఉబ్బించబోతే పోగులు ఆపుతాయి. కానీ అదే గ్యాస్ రెండు కొసల మూతలనూ చెరో పక్కకు తోస్తుంది. ఆ లాగుడు పోగులకు అడ్డం. దాన్ని ఆపేది అతుకు ఒక్కటే. అందుకే ఆ పరీక్ష. అందుకే డెబ్బై.

గ్యాస్ నింపాక, ఒత్తిడి నిలిచిందని చూసి, ఇనుప తలుపు తీసి లోపలికి వెళ్లి, మూతల దగ్గర సబ్బు నీళ్లు పూయాలి. బుడగలు వస్తే గాలి పోతున్నట్టు. అదే పద్ధతి, గోడకు అంటించి ఉంది. ఉపేందర్ అదే చేశాడు. నాలుగో గొట్టం నడుమకు రెండుగా తెగింది. మూత వచ్చి అతని ఛాతీకి, భుజానికి తగిలింది.

చప్పుడు ల్యాబ్ దాకా వినపడింది. కొమురెల్లన్న నాకన్నా ముందు పరుగెత్తాడు. నేను వెళ్లేసరికి అతను అల్లుడి తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. సబ్బు నీళ్ల బకెట్ ఒరిగిపోయి నేలంతా నురగ. ఉపేందర్ కళ్లు తెరిచే ఉన్నాయి. "ఏమైంది మామా?" అని అడుగుతున్నాడు. దెబ్బ తగిలింది తనకేనని అతనికే తెలియలేదు.

తెగిన గొట్టం చూశాను. మైక్రోస్కోప్ అక్కర్లేకపోయింది. పోగులు శుభ్రంగా ఉన్నాయి.

నవంబర్ 19

దవాఖానాకు వెళ్లాను. లోపలికి ఒక్కరినే పంపుతున్నారు. దుర్గాభవాని వెళ్లింది. నేను, కొమురెల్లన్న మెట్ల మీద గంటసేపు కూర్చున్నాం. అతను నన్ను ఒక్క మాట అడగలేదు. అడిగితే బాగుండేది.

నవంబర్ 24, గురువారం

ఉపేందర్ పోయాడు.

నవంబర్ 28, సోమవారం

కంపెనీ తరఫున రాసిన కాగితం సార్ చూపించారు. "అనుమతి లేకుండా, తొందరపాటుతో, రక్షణ తలుపు తెరిచి లోపలికి వెళ్లినందువల్ల." గోడకు అంటించిన పద్ధతి కాగితం ఇప్పుడు అక్కడ లేదు.

"అతను తొందరపడలేదు సార్. రోజూ అలాగే వెళ్తాడు."

"తెలుసమ్మా," అన్నారు సార్. ఆయన కళ్లు ఉబ్బి ఉన్నాయి. వారంలో పదేళ్లు పైబడినట్టున్నారు. "కంపెనీ మూతపడితే అరవై మంది రోడ్డు మీద పడతారు. కొమురెల్లి కూడా. పోయినవాణ్ణి తేలేం కదా. ఉన్నవాళ్ల సంగతి చూడాలి."

అరవై మంది అన్న మాట నిజమే. మూడు సంఖ్యలూ నిజమే. ఈ మధ్య నా దగ్గర అన్నీ నిజాలే ఉన్నాయి.

డిసెంబర్ 5, సోమవారం

ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. సన్నగా, దగ్గుతూ ఉన్నాడు. గ్యాస్ గది చూశాడు, తెగిన గొట్టం చూశాడు, చేతి రుమాలుతో వేళ్లు తుడుచుకున్నాడు.

"గొట్టం బలం ముందే పరీక్ష చేశారా?"

"చేశామండీ. రిపోర్టు ఉంది. సగటు తొంభై రెండు," అన్నారు సార్.

ఇన్‌స్పెక్టర్ కాగితం తిప్పి నా వైపు చూశాడు. "ఇది మీ సంతకమేనా?"

"అవునండి."

"చెల్లని పరీక్షలు నాలుగు అని ఉంది. ఏంటివి?"

గదిలో సార్ ఉన్నారు, అకౌంట్స్ పరంధామయ్య ఉన్నాడు. గుమ్మం దగ్గర కొమురెల్లన్న నిలబడి ఉన్నాడు. పన్నెండు రోజులుగా గీయని గడ్డం.

"బిగింపు జారిందండీ," అన్నాను.

ఇన్‌స్పెక్టర్ రాసుకున్నాడు. నేను తల ఎత్తేసరికి గుమ్మంలో ఎవరూ లేరు.

మొదటిసారి రాసినప్పుడు సార్ మాట మీద రాశానని అనుకున్నాను. ఇవాళ నా నోటితో నేనే చెప్పాను. ఎవరూ నన్ను బలవంతపెట్టలేదు.

డిసెంబర్ 6

సెలవు పెట్టాను.

డిసెంబర్ 7

సెలవు. భూషణం గంజి కాచి ఇచ్చాడు. జ్వరమా అని అడిగాడు. అవునన్నాను. థర్మామీటర్ తేబోతే వద్దన్నాను.

డిసెంబర్ 8, గురువారం

మధ్యాహ్నం అందరూ అన్నాలకు వెళ్లాక కొమురెల్లన్న వచ్చి, "మేడం, జర మిషన్ కాడికి రాండ్రి," అన్నాడు.

ఆ పాత పలకలో నడుమ భాగం ఇంకా కొంత మిగిలి ఉంది. దాంట్లోంచి రెండు ముక్కలు కోసి పెట్టాడు. అంచులు ఎంత నునుపుగా చేశాడంటే నేను చేసినా అంత నునుపు రాదు. మిషన్‌లో మొదటి ముక్క బిగించి, బిగింపు అంచున పెన్సిల్‌తో రెండు వైపులా గీత గీశాడు.

"జారితే గీత కదుల్తది. సూడున్రి," అన్నాడు.

మిషన్ ఆన్ చేశాడు. గీత కదల్లేదు. ముక్క నడుమకు తెగింది. 40.

రెండోది బిగించాడు. మళ్లీ గీత. మళ్లీ నడుమకే. 38.

ముక్కలు రెండూ నా ముందర పెట్టి, రిజిస్టర్ తెరిచి, పెన్ను పట్టుకుని నిలబడ్డాడు. పదమూడేళ్లుగా నేను చెప్తే అతను సంఖ్యలు వేసే రిజిస్టర్. నాకన్నా ముందు ఇంకెవరో చెప్తే వేసేవాడు.

"కరెంటు ఉన్నది. బిగింపు గట్టిగ ఉన్నది. మీ కండ్ల ముంగట్నే తెగింది," అన్నాడు. "ఏం రాయమంటరు మేడం? జారిందని రాయాల్నా?"

గొంతు పెంచలేదు. రోజూ అడిగినట్టే అడిగాడు. పెన్ను అతని చేతిలోంచి తీసుకుని నేనే రాశాను. 40. 38. తెగిన చోటు, నడుమ. బిగింపు జారలేదు. తేదీ వేశాను.

అతను రిజిస్టర్ మూసి బీరువాలో పెట్టి, టిఫిన్ డబ్బా తీసుకుని బయటికి వెళ్లాడు.

డిసెంబర్ 12, సోమవారం

ఇన్‌స్పెక్టర్ ఆఫీసుకు వెళ్లాను. రావా అని అడిగితే కొమురెల్లన్న కూడా వచ్చాడు. తెగిన ముక్కలు, మైక్రోస్కోప్ ఫోటోలు, మిషన్ మొదట ఇచ్చిన కాగితాలు అన్నీ తీసుకెళ్లాను.

ఇన్‌స్పెక్టర్ ఫోటోలు చూసి, "నాకు ఇవి అర్థం కావమ్మా, తెలుగులో చెప్పండి," అన్నాడు.

చెప్పాను. పోగు వెంట లాగితే పోగు మోస్తుందని, అడ్డంగా లాగితే అతుకు మోయాలని, ఆ గొట్టానికి అతుకు లేదని. ఆ సంగతి సెప్టెంబర్ ఇరవై ఏడునే నాకు తెలుసునని.

"తెలుసా, అనుమానమా?"

ఆయన ఒక దారి చూపిస్తున్నాడని అర్థమైంది. అనుమానం అని రాస్తే నా వరకు చాలా తేలిక.

"తెలుసు," అన్నాను.

నాలుగు పేజీలు నా చేత్తోనే రాసిచ్చాను. తలుపు తీసి లోపలికి వెళ్లడం ఉపేందర్ పని అనీ, గోడకు కాగితం ఉండేదనీ రాశాను. కొమురెల్లన్న సాక్షిగా సంతకం పెట్టాడు. ఒక్కో అక్షరం నెమ్మదిగా.

బయటికి వచ్చాక ఆటో పిలిచి, మల్లాపూర్‌లో దింపుతానన్నాను. అతను ఎక్కలేదు.

"గీ మాట దసరకు ముందుగాల జెప్తే అయిపోతుండె గద మేడం," అన్నాడు.

బస్టాప్ వైపు నడిచి వెళ్లాడు. నేను ఆటోవాణ్ణి పంపించేసి అక్కడే చాలాసేపు నిలబడ్డాను.

డిసెంబర్ 13, మంగళవారం

సార్ నన్ను గదిలోకి పిలిచి కూర్చోమన్నారు.

"వెళ్లేముందు నాతో ఒక మాట అనాల్సింది స్వర్ణా."

"అన్నాను సార్. సెప్టెంబర్‌లో."

కిటికీ వైపు చూస్తూ, "నేను నిజంగా బిగింపే అనుకున్నాను," అన్నారు. ఆయన అబద్ధం ఆడటం లేదు. అలా అనుకోవడానికి ఆయన ఎంత కష్టపడ్డారో నాకు తెలుసు.

"నేను అనుకోలేదు సార్," అన్నాను. "నేను చూశాను."

రేపటి నుంచి రావద్దన్నారు. ల్యాబ్ తాళాలు బల్ల మీద పెట్టాను.

ఇంటికొచ్చి భూషణంతో చెప్పాను. నా మీద కూడా కేసు అవుతుందని చెప్పాను. అతను అన్నానికి కూర్చున్నాడు. తర్వాత, "అక్టోబర్ల నేనన్న మాట గూడ రాసినవా?" అని అడిగాడు.

"లేదు."

అన్నం సగంలో వదిలేసి లేచాడు.

డిసెంబర్ 18, ఆదివారం

దుర్గాభవాని ఫోన్ చేసింది నిన్న. రాసిచ్చిన కాగితం నకలు తీసుకుని రమ్మంది.

మల్లాపూర్ వెళ్లాను. ముందు గదిలో ఉపేందర్ తల్లి లక్ష్మీనర్సమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. కొడుకు పోయినప్పటి నుంచి జనగామ పక్క ఊరికి తిరిగి వెళ్లలేదట. కొమురెల్లన్న పెరట్లో ఉన్నాడు, లోపలికి రాలేదు. చుట్టుపక్కల వాళ్లు ఇద్దరు ముగ్గురు గుమ్మంలో నిలబడ్డారు.

"కంపినోల్లు దినాలకు వచ్చిన్రు," అంది దుర్గాభవాని. "మీవోడు తొందరపడ్డడు, ఎవరేం జేస్తరు అని జెప్పి పోయిన్రు. అప్పటిసంది అత్తమ్మ గదే అంటున్నది. పిలగాడు సిన్నప్పటికెల్లి ఆగడు, ఆగడు అని. ఆయన తప్పు లేదు గద?"

"లేదు."

"గా మాట కాయితం మీద ఉన్నదా?"

"ఉంది."

"అత్తమ్మకు సదువు రాదు. నేను సదివితే, మీ అక్షరం సమజ్ కాకుంటే బాగుండదు. మీరే సదువున్రి."

నేల మీద కూర్చుని చదివాను. నా పేరు, నా తండ్రి పేరు, నా ఉద్యోగం. నేను ఏం చూశాను, ఎప్పుడు చూశాను, ఏం రాశాను. ఇన్‌స్పెక్టర్ అడిగినప్పుడు మొదట ఏం చెప్పాను. గొట్టం ఎందుకు తెగింది. ఉపేందర్ తన పని తాను సరిగ్గా చేశాడు, అతని వల్ల ఏ పొరపాటూ జరగలేదు. చివరి దాకా చదివాను. సంతకం, తేదీ.

కాగితాలు మడిచాను. దుర్గాభవాని కొంగు నోట్లో కుక్కుకుని గోడ వైపు తిరిగింది. గుమ్మంలోని వాళ్లు కదల్లేదు.

లక్ష్మీనర్సమ్మ ఏడవలేదు. నన్ను తిట్టలేదు కూడా. తిడుతుందనే వచ్చాను నేను. ముందుకు జరిగి, నా చేతిలోని మడత తనే విప్పి, మళ్లీ నా చేతికిచ్చింది.

"ఇంకొకపారి సదువు," అంది. "నీ పేరు కాడికెల్లి సదువు."

మొదటి నుంచి చదివాను.